చెమ్మ గోడ, నల్ల బూజు: ఎప్పుడు, ఎవరిని పిలవాలి?



దసరాకు రంగులు వేయించిన గోడ మీద సంక్రాంతి నాటికి మళ్లీ నల్లమచ్చలు తేలితే చాలా ఇళ్లలో ముందు మాట పడేది పెయింటరు. ఆ తర్వాత వంతు రంగు కంపెనీది. నిజానికి ఆ ఇద్దరి తప్పూ ఉండకపోవచ్చు. గోడ లోపల చెమ్మ పెట్టుకుని పైన ఎంత ఖరీదైన రంగు వేసినా అది నాలుగు నెలలు ఆగడమే గొప్ప. నెల్లూరు, తిరుపతి జిల్లాల్లోనైతే అసలు వానలు జోరందుకునేదే దసరా రోజుల నుంచి. అక్టోబరు మొదలు డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాటికి తోడు తుపాన్లు. పండక్కి మెరిసిన గోడ ఆ మూడు నెలలూ తడుస్తూనే ఉంటుంది.

బూజు పెరగడానికి నాలుగు కావాలి. దాని బీజాలు, తిండి, వెచ్చదనం, నీరు. బీజాలు కంటికి కనపడనంత చిన్నవి. గాలిలో ఎప్పుడూ ఉంటాయి, కిటికీల్లోంచి, బట్టల మీదుగా ఇంట్లోకి వస్తూనే ఉంటాయి. తిండికి కొదవే లేదు. కాగితం, చెక్క, నూలు బట్ట, తోలు చెప్పులు, గోడకు పట్టిన దుమ్ము, ఏదైనా దానికి ఆహారమే. వెచ్చదనం తెలుగు నేల మీద ఏడాది పొడవునా ఉన్నదే. ఇక మిగిలింది నీరు. ఈ నాలుగింటిలో ఇంటివారి చేతిలో ఉన్నది ఆ ఒక్కటే. కాబట్టి గోడ మీద బూజు కనిపించిన రోజున దేనితో తుడవాలా అని ఆలోచించే ముందు, ఈ నీరు ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి. వెతికితే దొరుకుతుంది. దొరికితే సగం పని అయిపోయినట్టే.

తడిసిన వస్తువు 24 నుంచి 48 గంటల లోపు ఆరిపోతే చాలావరకు బూజు పట్టదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ జనానికి పదేపదే చెప్పే మాట ఇది. మామూలు రోజుల్లో ఇది సులువే. పైపు పగిలి గది తడిస్తే నీళ్లు ఎత్తిపోసి, ఫ్యాన్లు పెట్టి, పరుపులు ఎండలో వేస్తే గండం గడుస్తుంది. కానీ 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలను ముంచెత్తినప్పుడు నీళ్లు రోజుల తరబడి ఇళ్లలోనే నిలిచిపోయాయి. ఆ 48 గంటల గడువు వరద తీయకముందే దాటిపోయింది. అలాంటి ఇంట్లో బురద కడుక్కోగానే పని అయిపోదు. గోడలు, తలుపుల చట్రాలు, మంచాలు, బీరువా వెనక చెక్కలు లోలోపల నీరు తాగి ఉంటాయి. పైకి ఆరినట్టు కనిపించే గోడ లోపల పచ్చిగానే ఉంటుంది. అది పూర్తిగా ఆరకముందే పుట్టీ పెట్టి రంగు వేయించినవారు డబ్బు గోడకు కొట్టినట్టే.

బూజు వల్ల గోడ అందం చెడితే చెడింది, మనుషులకేమవుతుందిలే అనుకునేవారు ఇంకా ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లలోని చెమ్మ, బూజుల మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు వెలువరించింది. చెమ్మ ఇళ్లలో ఉండేవారికి దగ్గు, పిల్లికూతలు, ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్లు ఎక్కువగా వస్తాయని, ఉన్న ఉబ్బసం ముదురుతుందని అందులో చెప్పింది. గాలిలో ఇన్ని బీజాల దాకా క్షేమం అని ఒక అంకె చెప్పడం కుదరదనీ, చెమ్మనే లేకుండా చూసుకోవాలనీ కూడా తేల్చింది.

బూజు ప్రాణమే తీసిన ఉదంతమూ ఉంది. ఇంగ్లండులో మాంచెస్టర్ పక్కన రోచ్‌డేల్ అనే పట్టణం ఉంది. సూడాన్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ఒక కుటుంబం చిన్న ఫ్లాటులో అద్దెకు ఉండేది. వంటగది, స్నానాలగది గోడల నిండా బూజు. 2017లోనే ఆ కుటుంబ పెద్ద ఫ్లాటును నడిపే సంస్థకు ఫిర్యాదు చేస్తే, పైన రంగు వేసుకోమన్నారు. వేశాడు. బూజు మళ్లీ వచ్చింది. మళ్లీ మళ్లీ చెప్పినా మరమ్మతు జరగలేదు. పైగా మీరు స్నానాలు చేసే తీరే ఇందుకు కారణమన్నట్టు మాట్లాడారు. 2020 డిసెంబరులో ఆ ఇంటి పిల్లవాడు అవాబ్ ఇషాక్, రెండో పుట్టినరోజు దాటిన కొద్ది రోజులకే, ఊపిరాడక చనిపోయాడు. విచారణ జరిపిన కరోనర్ జోవాన్ కియర్స్‌లీ 2022 నవంబరులో తీర్పు చెబుతూ, ఇంట్లోని బూజును చాలాకాలం పీల్చడం వల్ల వచ్చిన తీవ్రమైన శ్వాస జబ్బే ఆ బిడ్డ చావుకు కారణమని స్పష్టం చేశారు. ఆ దేశం 2023లో చట్టం తెచ్చింది. అవాబ్ పేరుతోనే పిలుస్తున్న ఆ నిబంధనలు 2025 అక్టోబరు 27 నుంచి అమలులోకి వచ్చాయి. తక్కువ అద్దెకిచ్చే సోషల్ హౌసింగ్ ఇళ్లలో ప్రమాదకరమైన చెమ్మ, బూజు ఉన్నాయని తెలిస్తే యాజమాన్యం 10 పనిదినాల్లో వచ్చి చూడాలి. ప్రమాదం ఉందని తేలితే 5 పనిదినాల్లో దాన్ని తొలగించాలి. అత్యవసరమైతే 24 గంటల్లో కదలాలి.

ఇక్కడ ఒక అపోహ తీర్చుకోవాలి. 2021లో కొవిడ్ రెండో దశలో బ్లాక్ ఫంగస్ అన్న పేరు తెలుగు ఇళ్లను వణికించింది. అప్పటి నుంచి గోడ మీద నల్లమచ్చ కనిపిస్తే అదేనేమోనని కంగారు పడేవారున్నారు. ఆ జబ్బు మ్యూకర్ వర్గానికి చెందిన శిలీంధ్రాలది. అదుపులో లేని షుగరు, విపరీతంగా వాడిన స్టెరాయిడ్లు దానికి దారి వేశాయి. నలుపు అన్నది చచ్చిపోయిన కండ రంగు. గోడ మీద నల్లగా కనిపించేది సాధారణంగా వేరే బూజు. రంగును బట్టి ఇది ప్రమాదకరం, ఇది కాదు అని చెప్పడం కుదరదు. నలుపైనా, పచ్చనైనా, తెలుపైనా తీసేయాల్సిందే. ఏ రకమో కనిపెట్టడానికి ప్రయోగశాలలకు డబ్బు పొయ్యక్కర్లేదు. కంటికి కనిపిస్తున్నప్పుడు పరీక్ష అవసరం సాధారణంగా ఉండదని ఈపీఏ కూడా చెబుతుంది.

మరి గోడ మీద ఉన్నది బూజేనా అన్నది ముందు తేల్చుకోవాలి. కొత్త ఇళ్లలో గోడ కింది భాగాన తెల్లగా పొడిలా పేరుకునేది చాలాసార్లు ఉప్పు. వేళ్లతో నలిపితే గరగరమంటూ రాలుతుంది, నీటిచుక్క వేస్తే కరిగిపోతుంది. బూజు కరగదు, వేలికి జిడ్డుగానో మెత్తగానో అంటుకుంటుంది, ముక్కిన వాసన వేస్తుంది. నల్లమచ్చ మురికో బూజో తెలియకపోతే దాని మీద ఒక్క చుక్క బ్లీచ్ ద్రావణం వేసి చూడాలి. ఒకటి రెండు నిమిషాల్లో రంగు వెలిసిపోతే చాలావరకు బూజే. మురికి అయితే అలాగే ఉంటుంది. ఉప్పు కనిపించినా నిశ్చింతగా ఉండటానికి లేదు. గోడలో నీరు నడుస్తోందనడానికి అదీ సాక్ష్యమే.

ఆ తర్వాత నీటి జాడ. అది ఎటు నుంచి వస్తోందో మచ్చ ఉన్న చోటే చాలావరకు చెప్పేస్తుంది. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా, గోడ పొడవునా పట్టీలా చెమ్మ ఉంటే అది భూమిలోంచి పైకి ఎక్కుతున్న నీరు. పునాది మీద మేస్త్రీలు చెమ్మను ఆపే డీపీసీ అనే పొర సరిగా వేయలేదు, లేదా అది పాడయింది. స్లాబుకు గుండ్రంగా, అంచుల్లో గోధుమరంగు గీతతో మచ్చ పడితే పైన డాబా మీద పగులో, పై ఇంటి పైపో కారుతోంది. కిటికీ పక్కనా, సజ్జ కిందా ఉంటే వానజల్లు. గది మూలల్లో, బీరువా వెనక, ఏసీ వేసుకునే పడకగదిలో చుక్కలు చుక్కలుగా ఉంటే గాలిలోని తేమే చల్లటి గోడ మీద నీరుగా మారుతోంది.

అపార్టుమెంట్లలో ఎక్కువగా కనిపించే సమస్య మరొకటి. పడకగది గోడకు అవతల బాత్రూము. మంచం తలవైపు గోడ ఉబ్బుతుంది, పుట్టీ పొరలు పొరలుగా లేస్తుంది, దాని కింద ఆవగింజలు చల్లినట్టు నల్లచుక్కలు. బాత్రూము నేలలో పైపుల కోసం స్లాబును కిందికి దించి, దాన్ని ఇటుకముక్కలతో నింపి పైన టైల్స్ వేస్తారు. టైల్స్ మధ్య సందుల్లోని సిమెంటు పోయినా, నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ చుట్టూ పగులు వచ్చినా స్నానం నీళ్లు ఆ నింపుడులోకి దిగి అక్కడే నిలుస్తాయి. అవి మెల్లగా పక్క గోడలోకీ, కింది ఫ్లాటు పైకప్పులోకీ పాకుతాయి. బాత్రూములో నిలబడి చూస్తే అంతా పొడిగా, శుభ్రంగానే కనిపిస్తుంది.

నీరు గోడలోంచి వస్తోందా, గాలిలోంచి వస్తోందా అన్నది తేల్చుకోవడానికి వంటింట్లో ఉండే సిల్వర్ ఫాయిల్ చాలు. మచ్చ దగ్గర గోడను పొడిబట్టతో అద్ది, అడుగు చదరం ఫాయిల్‌ను నాలుగు అంచులా టేపుతో గాలి దూరకుండా అంటించాలి. ఒకటి రెండు రోజులాగి చూడాలి. గది వైపు తేమ పడితే అది గాలిలోది. ఎగ్జాస్ట్ ఫ్యాను, ఎండ కాసిన పూట కిటికీలు తీయడం, బీరువాను గోడకు జానెడు దూరం జరపడం వంటి వాటితో తగ్గుతుంది. ముసురు పట్టిన రోజున కిటికీలు బార్లా తెరిస్తే బయటి తేమే లోపలికి వస్తుందని గుర్తుంచుకోవాలి. గదిలో తేమ 60 శాతం దాటకూడదు. దాన్ని కొలిచే హైగ్రోమీటర్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఫాయిల్ తీశాక గోడ వైపు తడి కనిపిస్తే మాత్రం నీరు లోపలి నుంచే వస్తోంది. అప్పుడు పైపు సంగతి చూసుకోవాలి. రాత్రి పడుకునేముందు కుళాయిలన్నీ కట్టి, పై ట్యాంకులో నీటిమట్టానికి సుద్దతో గీత పెట్టి, తెల్లారి చూస్తే గుట్టు తెలుస్తుంది. మట్టం తగ్గితే నీరు ఎక్కడో పోతున్నట్టే.

మూడో పని కొలవడం. న్యూయార్క్ నగర ఆరోగ్యశాఖ 1993లో మొదలుపెట్టి 2008 దాకా సవరిస్తూ వచ్చిన మార్గదర్శకాల్లో బూజు విస్తీర్ణాన్ని మూడు తరగతులు చేశారు. 10 చదరపు అడుగుల లోపు, 10 నుంచి 100 దాకా, 100 దాటినది. ఈపీఏ కూడా ఆ 10 అడుగుల గీతనే చెబుతుంది. అంటే సుమారు మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న మచ్చ. అంతలోపు ఉంటే ఆరోగ్యంగా ఉన్న పెద్దవారు జాగ్రత్తలు తీసుకుని తామే శుభ్రం చేసుకోవచ్చు. దాటితే తెలిసినవారిని పిలవాలి. కొలిచేటప్పుడు బీరువా జరిపి, అటక మీద సామాను దించి, పరుపు ఎత్తి చూడాలి. అక్కడక్కడా ఉన్న మచ్చలన్నీ కలిపి లెక్క వేయాలి. మచ్చ చుట్టూ పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేసి, ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోవాలి. గీత దాటి పెరుగుతోందా లేదా అన్నది వారంలో తెలుస్తుంది. రేపు అపార్టుమెంటు సంఘంతోనో ఇంటి ఓనరుతోనో మాట్లాడేటప్పుడు ఆ ఫొటోలే పనికొస్తాయి.

చిన్న మచ్చను కడుక్కోవడానికీ ఒక పద్ధతుంది. పిల్లల్ని, ముసలివారిని, ఉబ్బసం ఉన్నవారిని వేరే గదికి పంపాలి. మచ్చ ఉన్న గదిలో ఫ్యాను కట్టేయాలి. తిరిగే ఫ్యాను బీజాలను ఇల్లంతా చల్లుతుంది. కిటికీ తీసి, తలుపు వేసి, ఎన్‌95 మాస్కు, రబ్బరు గ్లోవ్స్, కళ్లద్దాలు పెట్టుకోవాలి. పొడి చీపురుతో దులపకూడదు, పొడిబట్టతో రుద్దకూడదు. ముందు సబ్బునీళ్లు చిలకరించి తడిపి, ఆ తర్వాత డిటర్జెంటుతో తోమి, తుడిచి, పూర్తిగా ఆరబెట్టాలి. తుడిచిన గుడ్డలు కవరులో మూతి కట్టి పారేయాలి. గాజు, స్టీలు, టైల్స్, గ్రానైటు కడిగితే బాగుపడతాయి. లోపలిదాకా బూజు పట్టిన దూది పరుపు, బొంత, ప్రెస్ చేసిన పొట్టుచెక్క అలమారా, జిప్సమ్ సీలింగ్ బాగుపడవు. వాటి మీద మమకారం వదులుకోవాలి.

బ్లీచింగ్ విషయంలో మరీ జాగ్రత్త. మామూలుగా బూజుకు బ్లీచ్ అక్కర్లేదు. చచ్చిన బూజు కూడా ఎలర్జీ తెప్పిస్తుంది కాబట్టి చంపడం కన్నా తుడిచి తీసేయడం ముఖ్యం. అన్నిటికన్నా ప్రమాదం, ఇంకా బాగా పోతుందని బ్లీచింగ్ పౌడర్‌లో బాత్రూము యాసిడ్ కలపడం. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న బాత్రూములో అది ప్రాణాల మీదికి తెస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లతోనూ బ్లీచ్ కలపకూడదు.

ఇక ఎప్పుడు చేతులు కడుక్కుని ఫోను అందుకోవాలి? మచ్చ 10 చదరపు అడుగులు దాటినప్పుడు. శుభ్రం చేశాక కూడా తిరిగి వచ్చినప్పుడు. డ్రైనేజీ నీళ్లో, వరద నీళ్లో గదిలోకి వచ్చినప్పుడు. ఎక్కడా మచ్చ కనపడకుండా ముక్కిన వాసన మాత్రం వదలనప్పుడు, ఎందుకంటే బూజు ఫాల్స్ సీలింగ్ పైనో, గోడకు బిగించిన అలమారా వెనకో ఉండవచ్చు. ఏసీ తెరలు తీసినప్పుడు లోపలి రెక్కల మీద నల్లగా కనిపిస్తే దాన్ని శుభ్రం చేయించేదాకా ఆన్ చేయకూడదు. స్విచ్‌బోర్డు ఉన్న గోడ తడిస్తే మిగతా అన్నిటికన్నా ముందు మెయిన్ కట్టేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. స్లాబు నుంచి పెచ్చులు ఊడుతున్నా, తుప్పురంగు చారలు దిగుతున్నా, కడ్డీలు బయటపడుతున్నా అది బూజును మించిన సమస్య. అక్కడ పెయింటరుకూ మేస్త్రీకీ పని లేదు, స్ట్రక్చరల్ ఇంజనీరు చూడాలి.

ఇంట్లో ఎవరున్నారన్నది కూడా ఈ లెక్కలోకి రావాలి. పసిపిల్లలు, ఉబ్బసం లేదా ఇతర ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు, కీమోథెరపీ తీసుకుంటున్నవారు, కిడ్నీ మార్పిడి వంటివి చేయించుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవారు ఉంటే రెండడుగుల మచ్చను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. వారు దాన్ని తుడవనేకూడదు. ఊరెళ్తే తగ్గి, ఇంటికి రాగానే తిరగబెట్టే దగ్గు ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. గోడ మచ్చ ఫొటో కూడా చూపించాలి.

మన ఊళ్లలో బూజు తీయడమే వృత్తిగా ఉన్నవారు అరుదు. పిలవాల్సింది నీటి జాడను బట్టి. పైపు అయితే ప్లంబరు, డాబా అయితే వాటర్‌ప్రూఫింగ్ తెలిసిన మేస్త్రీ, ఏసీ అయితే దాని మెకానిక్. వచ్చినవారు రాగానే కెమికల్ పేరు, అడుగుకు ఇంత అని రేటు చెబితే ఆగమనాలి. నీరు ఎక్కడి నుంచి వస్తోందో ముందు చూపించమని అడగాలి. అనుభవం ఉన్నవారు ముందుగా అడిగేవి వేరే ఉంటాయి. ఏ నెలలో ఎక్కువవుతోంది, పైన ఏముంది, ఈ గోడకు అవతల ఏముంది అంటారు. డాబా అనుమానమైతే నీళ్లు పోయే తూములు మూసి, నీరు నిలబెట్టి, 24 గంటలు కింద గమనిస్తారు. స్లాబు ఇప్పటికే బలహీనంగా ఉంటే ఇంజనీరు ఒప్పుకున్నాకే ఆ పరీక్ష. పనికి గ్యారంటీ ఎన్నేళ్లో కాగితం మీద రాయించుకోవాలి. అమెరికాలో టెక్సాస్, న్యూయార్క్ రాష్ట్రాల్లో ఈ పనులకు లైసెన్సు కావాలి. పైగా ఒక ఇంటిని పరీక్షించినవారే అదే ఇంట్లో బూజు తీసే పని చేపట్టకూడదన్న నిబంధన ఉంది. డాలస్, హ్యూస్టన్‌లలో ఉండే తెలుగువారు ఈ సంగతి తెలుసుకుంటే అనవసరమైన బిల్లుల బెడద తప్పుతుంది. మన దగ్గర అలాంటి నిబంధన లేకపోయినా, పెద్ద పని అయితే సమస్య చెప్పేవారిని ఒకరిని, పని చేసేవారిని ఇంకొకరిని పెట్టుకోవడం మంచిది.

చివరిగా అపార్టుమెంట్లలో ఉండేవారందరికీ ఒక విన్నపం. కింది ఫ్లాటువారు వచ్చి తమ పైకప్పు చెమ్మగిల్లుతోందని చెప్పినప్పుడు, మా బాత్రూములో ఏ లీకూ లేదని గుమ్మంలోంచే పంపేయకండి. ఆ నీరు పై ఇంటివారికి కనపడదు, కింది ఇంటివారికే కనపడుతుంది. ఆ రోజే తలుపు తీసి చూపించండి, ప్లంబరును పిలిచి నహానీ ట్రాప్ చూపించండి. ఇళ్లు అద్దెకిచ్చినవారికీ ఒక మాట. అద్దెకున్నవారు గోడ మచ్చ గురించి ఫోను చేస్తే రంగు వేయించుకోమని చెప్పకండి. స్వయంగా వచ్చి చూడండి, నీటి దారి మూయించండి. ఆ ఇంట్లో దగ్గుతున్న పసిబిడ్డ ఉందని తెలిస్తే వచ్చే నెల అద్దె వరకు ఆగకండి.